చిన్న డీజిల్ ఎస్‌యూవీ కొనే ముందు: రోజుకు ఎన్ని కిలోమీటర్లు, ఏ గేర్‌బాక్స్?

నాలుగు మీటర్ల లోపు డీజిల్ బండి కావాలంటే ఇవాళ షోరూముల్లో దొరికేవి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. టాటా నెక్సాన్, మహీంద్రా ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ, హ్యుందాయ్ వెన్యూ, కియా సోనెట్, కియా సైరస్. అసలు పోటీ ఈ అయిదింటి మధ్యే. వీటికి కాస్త ఎడంగా, వేరే జాతికి చెందిన బొలెరో, బొలెరో నియో, 1.5 డీజిల్ థార్ ఉన్నాయి. 2016లో విటారా బ్రెజా వచ్చినప్పుడు దాంట్లో పెట్రోల్ ఇంజినే లేదు, 1.3 లీటర్ల డీజిల్ ఒక్కటే. 2020 ఏప్రిల్ 1న బండి పొగకు కొత్త పరిమితులు పెట్టే బీఎస్6 నిబంధన అమల్లోకి రావడంతో మారుతి డీజిల్‌కు దండం పెట్టేసింది. మరుసటి ఏడాది ఫోర్డ్ ఇక్కడ తయారీ ఆపేయడంతో ఎకోస్పోర్ట్ కూడా పోయింది. పొగను శుభ్రం చేసే సామాను చిన్న బండి ధరలో ఇమడక చాలామంది తయారీదారులు డీజిల్ నుంచి తప్పుకున్నారు. ఆ సామానే ఇప్పుడు మీరు డీజిల్ కొనాలా వద్దా అన్నది తేలుస్తుంది. అందుకే బండి పేర్ల కన్నా ముందు దాని సంగతి చూద్దాం.

బీఎస్6 డీజిల్ బండి సైలెన్సర్ లైన్లో డీపీఎఫ్ అనే ఫిల్టర్ ఉంటుంది. పొగలోని మసిని అది పట్టి ఉంచుతుంది. పట్టిన మసిని ఎప్పటికప్పుడు కాల్చేయాలి, లేకపోతే ఫిల్టర్ మూసుకుపోతుంది. హైవే మీద సాఫీగా పోతుంటే పొగ వేడికే కొంత మసి కాలిపోతుంది. మిగిలిన దాన్ని ఇంజిన్ కంప్యూటరే కొన్ని వందల కిలోమీటర్లకు ఒకసారి కాలుస్తుంది. అదనంగా కాస్త డీజిల్ చల్లి ఫిల్టర్ వేడిని దాదాపు 600 డిగ్రీల దాకా తీసుకెళ్తుంది. దీన్నే రీజెనరేషన్ అంటారు. ఈ పని పూర్తి కావడానికి పది నుంచి ఇరవై నిమిషాలు ఆగకుండా నడవాలి. మధ్యలో ఇంజిన్ ఆపేస్తే పని సగంలో ఆగుతుంది, మళ్లీ మొదటి నుంచీ మొదలు.

రోజూ నాలుగైదు కిలోమీటర్ల దూరంలోని ఆఫీసుకు, సాయంత్రం కూరగాయలకు, ఆదివారం గుడికి, అంతే తిరిగే బండిలో ఈ పని ఎప్పటికీ పూర్తి కాదు. ప్రతిసారీ అదనంగా చల్లిన డీజిల్‌లో కొంత సిలిండర్ గోడల మీదుగా జారి ఇంజిన్ ఆయిల్‌లో కలుస్తుంది. డిప్‌స్టిక్ తీసి చూస్తే ఆయిల్ తగ్గాల్సింది పోయి పై గీత దాటి పెరిగి ఉంటుంది, వాసన చూస్తే డీజిల్ వాసన. ఆయిల్ పలచబడితే బేరింగులకు, పొగ బలంతో తిరిగి ఇంజిన్‌లోకి గాలి తోసే టర్బోకు ముప్పు. ఆయిల్ పెరగడం మంచిదే అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. డీజిల్ బండిలో అది మంచి కబురు కాదు.

కాబట్టి మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు: వారానికి కనీసం ఒకసారి అరగంటకు తగ్గకుండా 60 పైన వేగంతో నడిపే దారి మీకుంటే డీజిల్ నిశ్చింతగా తీసుకోండి. హైదరాబాద్‌లో ఉండి ఓఆర్ఆర్ ఎక్కే పని ఉన్నవాళ్లకు, విజయవాడ–గుంటూరు మధ్య రోజూ తిరిగేవాళ్లకు, వారం వారం ఊరెళ్లొచ్చేవాళ్లకు బెంగ లేదు. నెలకు 400 కిలోమీటర్లు, అదీ పూర్తిగా సిగ్నళ్ల మధ్యే అయితే ఈ అయిదింటిలో ఏదీ మీది కాదు. పెట్రోలో, ఇంట్లో చార్జింగ్ వీలుంటే ఎలక్ట్రిక్కో చూసుకోండి.

ఇక డబ్బు లెక్క. మైలేజీ కోసం డీజిల్ అని అందరూ అంటారు కానీ కాగితం మీద వేసి చూసేది తక్కువ. అదే స్థాయి టర్బో పెట్రోల్‌తో పోలిస్తే డీజిల్‌కు దాదాపు లక్ష నుంచి లక్షా పాతిక వేలు ఎక్కువ పడుతుంది అనుకుందాం. హైదరాబాద్‌లో పెట్రోల్ లీటరు 107, డీజిల్ 96 రూపాయలకు అటూ ఇటూగా లెక్కలోకి తీసుకుందాం. ఊరూ హైవే కలిపి టర్బో పెట్రోల్ లీటరుకు 13, డీజిల్ 17 ఇచ్చిందనుకుంటే కిలోమీటరుకు పెట్రోల్ ఖర్చు 8 రూపాయల 20 పైసలు, డీజిల్ ఖర్చు 5 రూపాయల 65 పైసలు. మిగులు రెండున్నర రూపాయలు. లక్షా పాతిక వేలు తిరిగి రావాలంటే దగ్గర దగ్గర 50 వేల కిలోమీటర్లు తిరగాలి. నెలకు వెయ్యి తిరిగేవారికి నాలుగేళ్లు, 1,500 తిరిగేవారికి మూడేళ్ల లోపు.

ఈ లెక్కలో జనం మర్చిపోయేది లైఫ్ ట్యాక్స్. అది బండి ధర మీద శాతం కాబట్టి డీజిల్‌కు ఎక్కువ పెట్టిన ప్రతి రూపాయి మీదా పన్ను పడుతుంది. తెలంగాణలో ఎక్స్-షోరూమ్ ధర 10 లక్షలు దాటితే శ్లాబే మారుతుంది. డీజిల్ వేరియంట్ ఆ గీతకు ఇటువైపు ఉందా అటువైపు ఉందా అన్నది కొటేషన్ తీసుకున్నప్పుడే చూడండి. పదివేల తేడాతో గీత దాటే వేరియంట్‌కు మొత్తం ధర మీదే ఎక్కువ శాతం పడుతుంది. అలాగే 2025 సెప్టెంబర్ 22 నుంచి 1,500 సీసీ, నాలుగు మీటర్లు దాటని డీజిల్ బండికి జీఎస్టీ 18 శాతం. రెండింటిలో ఏ ఒక్కటి దాటినా 40. ఇంతకుముందు ఈ చిన్న డీజిళ్ల మీద సెస్‌తో కలిపి 31 శాతం ఉండేది. పాత వీడియోల్లో చెప్పిన ధరలు పట్టుకుని బేరానికి వెళ్లొద్దు.

ఈ నిబంధన వల్లే అయిదింటిలోనూ ఇంజిన్ 1,493 లేదా 1,497 సీసీ, పొడవు 3,990 లేదా 3,995 మిల్లీమీటర్లు. ఒకే కొలతబద్ద పెట్టి కోసినట్టు ఉంటాయి. అయినా నడిపితే ఒక్కోటి ఒక్కో రకం.

నడపడంలో డీజిల్ రుచి అంతా కింది ఆర్‌పీఎంలోనే ఉంది. కానీ మరీ కింద కాదు. 1,500 ఆర్‌పీఎం దాటాక టర్బో అందుకుంటుంది, అక్కడి నుంచి 2,500–2,750 దాకా బండి గట్టిగా లాగుతుంది. దానిపైన శబ్దం పెరిగినంత వేగం పెరగదు. కొత్తగా డీజిల్‌కు వచ్చేవాళ్లు చేసే పొరపాట్లు రెండు. పెట్రోల్ బండిలా 4,000 దాకా లాగి గేర్ వేయడం ఒకటి. స్పీడ్ బ్రేకర్ దగ్గర 12–15కు తగ్గి కూడా రెండో గేర్‌లోనే ఉంచి కాలు నొక్కడం రెండోది. అప్పుడు ఆర్‌పీఎం వెయ్యి దగ్గర ఉంటుంది, టర్బో నిద్రలో ఉంటుంది, బండి గుంజుకుంటూ వణుకుతుంది. అర సెకను తర్వాత ఒక్కసారిగా ముందుకు దూకుతుంది. అక్కడ మొదటి గేర్ వేసుకోవాల్సిందే. ట్రాఫిక్‌లో ఇలా రోజుకు యాభై సార్లు చేయాల్సి వస్తే ఎడమ కాలు మీతో మాట్లాడటం మొదలుపెడుతుంది.

హైవే మీద లెక్క తారుమారు. ఆరో గేర్‌లో 100 వేగానికి ఆర్‌పీఎం రెండు వేల దరిదాపుల్లోనే ఉంటుంది, అంటే ఇంజిన్ తన బలం మధ్యలో కూర్చుని ఉంటుంది. ఎన్‌హెచ్ 65 మీద లారీ వెనక 70కి తగ్గి మళ్లీ ముందుకు వెళ్లాలంటే గేర్ తగ్గించే పని తక్కువ. అయిదుగురు, డిక్కీ నిండా సామాను, ఏసీ, అన్నీ ఉన్నా ఘాట్ రోడ్డులో బండి ఆయాసపడదు. 1.2 లీటర్ల మామూలు పెట్రోల్ నుంచి వచ్చినవాళ్లకు ఇక్కడే కళ్లు తెరుచుకుంటాయి.

ఇప్పుడు ఒక్కొక్క బండి.

ఎక్స్‌యూవీ 3ఎక్స్ఓ లాగుడులో అందరికన్నా పై మెట్టు. 117 పీఎస్ పవర్, 300 న్యూటన్ మీటర్ల టార్క్, అంటే చక్రాలను తిప్పే బలం. మిగతావాటికి 250, 260. కాగితం మీద ఈ 40–50 తేడా చిన్నదిగా కనిపిస్తుంది కానీ శ్రీశైలం ఘాట్‌లో మూడో గేర్‌లోనే మలుపు తిరిగి పైకి ఎక్కుతుంటే తెలుస్తుంది. ఇంజిన్ కూడా ఈ తరగతిలో మెత్తని వాటిలో ఒకటి. వీల్‌బేస్, అంటే ముందు వెనక చక్రాల మధ్య దూరం, 2,600 మిల్లీమీటర్లు, అందుకే వెనక సీటులో కాళ్లకు చోటు బాగుంటుంది, హైవేలో బండి నిలకడగా ఉంటుంది. వెలితి ఎక్కడంటే డిక్కీలో. రెండు పెద్ద సూట్‌కేసులు పక్కపక్కనే పడుకోవు. బండి వెడల్పు 1,821 మిల్లీమీటర్లు, ఇరుకు సందుల్లో పార్కింగ్ ఉన్నవాళ్లు ముందు టేపు పెట్టి కొలుచుకోవడం మంచిది.

నెక్సాన్‌కు 115 పీఎస్, 260 న్యూటన్ మీటర్లు. దీని గొప్ప ఇంజిన్‌లో కాదు, కింద సస్పెన్షన్‌లో ఉంది. గతుకుల రోడ్డు మీద వేగం తగ్గించకుండా పోగలిగే ధైర్యం ఇచ్చేది ఈ అయిదింటిలో ఇదే. గ్రౌండ్ క్లియరెన్స్ 208 మిల్లీమీటర్లు, నిండుగా ఎక్కినా స్పీడ్ బ్రేకర్ అడుగున గీరుకునే బాధ తక్కువ. ఇంజిన్ మాత్రం శబ్దం చేస్తుంది. పొద్దున్నే స్టార్ట్ చేస్తే పక్కింటివారికి ఇది డీజిలని చెప్పక్కర్లేదు, లోపల పెడళ్లకు కూడా సన్నటి వణుకు తెలుస్తుంది. క్లచ్ హ్యుందాయ్, కియాల కన్నా బరువు. రోజూ ట్రాఫిక్‌లో గంటన్నర కూర్చునేవాళ్లు ఇది టెస్ట్ డ్రైవ్‌లోనే గమనించాలి, కొన్నాక గమనించి లాభం లేదు. డెలివరీ రోజున ప్రతి మీటనూ, తలుపుల రబ్బర్లనూ, స్క్రీన్‌నూ ఓపిగ్గా పరీక్షించి తీసుకోండి.

వెన్యూ, సోనెట్ రెండింటి ఇంజినూ ఒకటే: 1,493 సీసీ, 116 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు. అయిదింటిలో బాగా నునుపైన ఇంజిన్ ఇదే. క్లచ్ తేలిక, గేర్లు వెన్నలో కత్తిలా పడతాయి, స్టీరింగ్ ఒక వేలితో తిరుగుతుంది. మొదటిసారి డీజిల్ నడిపేవారికి బెరుకు పుట్టించని బండ్లు ఇవి. సోనెట్ సస్పెన్షన్ కాస్త బిగువు. తక్కువ వేగంలో గుంటలు ఒంటికి తెలుస్తాయి, అయితే మలుపుల్లో ఒరగడం తక్కువ. సోనెట్ వెనక సీటు ఇద్దరు పెద్దవాళ్లకు, ఒక పిల్లవాడికి సరి. ముగ్గురు పెద్దవాళ్లు విజయవాడ దాకా కూర్చుంటే దిగేటప్పుడు మాట్లాడుకోరు. వెన్యూకు 2025 నవంబర్‌లో కొత్త రూపం వచ్చింది, వీల్‌బేస్ 20 మిల్లీమీటర్లు పెరిగింది, డీజిల్‌కు మొదటిసారి ఆటోమేటిక్ కూడా ఇచ్చారు. పాత వెన్యూను మనసులో పెట్టుకుని దీన్ని పక్కన పెట్టేయకండి.

సైరస్ 2025 ఫిబ్రవరిలో వచ్చింది. అదే కియా డీజిల్. కానీ దీన్ని కొనేది డ్రైవర్ కోసం కాదు, వెనక కూర్చునేవారి కోసం. వెనక సీటు ముందుకూ వెనక్కూ జరుగుతుంది, వీపు వాలుతుంది. ఇంట్లో పెద్దవాళ్లను తరచూ ఆస్పత్రికో తిరుపతికో తీసుకెళ్లేవాళ్లు ముందు దీని వెనక సీటులో కూర్చుని చూశాకే మిగతావి చూడాలి. బండి నిలువుగా, డబ్బాలా ఉంటుంది కాబట్టి పక్కగాలి వీస్తే హైవేలో కాస్త తెలుస్తుంది. అదే బలం ఇంకొంత బరువును లాగాలి కనుక సోనెట్ అంత చురుకు ఉండదు.

బొలెరో నియో సంగతి వేరు. ఛాసిస్ మీద కట్టిన బండి, వెనక చక్రాలకు బలం, 100 పీఎస్, 260 న్యూటన్ మీటర్లు. పై వేరియంట్‌లో వెనక ఇరుసుకు లాకింగ్ డిఫరెన్షియల్ ఇస్తారు. ఒక చక్రం బురదలో తిరుగుతుంటే రెండో చక్రం లాగుతుంది. పొలం గట్లు, చెరువు కట్టలు, కంకర క్వారీలు మీ రోజువారీ దారి అయితే పై అయిదింటి కన్నా ఇదే పనికొస్తుంది. హైవే కుటుంబ బండిగా మాత్రం వద్దు. 2024లో బండిని ఢీకొట్టించి చూసే గ్లోబల్ ఎన్‌క్యాప్ పరీక్షలో పెద్దల రక్షణకు ఒక్క నక్షత్రమే వచ్చింది, వెనక చివర ఎదురెదురుగా ఉండే సీట్లు పిల్లలు కూర్చునే చోటు కాదు. నెక్సాన్, 3ఎక్స్ఓ, సైరస్‌లకు భారత్ ఎన్‌క్యాప్‌లో అయిదు నక్షత్రాలున్నాయి. ఇక మూడు తలుపుల థార్ ఇష్టపడి కొనేది, పోల్చి కొనేది కాదు.

గేర్‌బాక్స్ దగ్గర కాసేపు ఆగాలి. చాలామంది బండి ఎంచుకుని తర్వాత ఆటోమేటిక్ ఉందా అని అడుగుతారు. ఈ తరగతిలో అది తిరగేయాలి, ఎందుకంటే ఒకే పేరుతో అమ్మేవి రెండు వేరువేరు వస్తువులు.

నెక్సాన్, 3ఎక్స్ఓ డీజిళ్లలో ఉండేది ఏఎంటీ. అంటే మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, క్లచ్ నొక్కి గేర్ మార్చే పని మీ బదులు ఒక యంత్రం చేస్తుంది. గేర్ మారే క్షణంలో లాగుడు ఆగి మళ్లీ మొదలవుతుంది, తల కాస్త ముందుకు ఊగుతుంది. మారబోతోందని తెలిసినప్పుడు కాలు అర క్షణం ఎత్తితే ఆ ఊపు చాలావరకు పోతుంది. వారం రోజుల్లో అలవాటవుతుంది. సోనెట్, సైరస్, కొత్త వెన్యూలలో ఉండేది టార్క్ కన్వర్టర్. లోపల నూనె ద్వారా బలం చేరుతుంది కాబట్టి గేర్ మారడం తెలియదు, బ్రేక్ వదిలితే బండి మెల్లగా పాకుతుంది, ఎత్తులో ఆగి కదలడం సులువు.

దీనికి చెల్లించే మూల్యం మైలేజీలో ఉంది. మైలేజీని పరీక్షించి ధ్రువీకరించే సంస్థ ఏఆర్ఏఐ లెక్కల్లో సైరస్ డీజిల్ మాన్యువల్ లీటరుకు 20.75, ఆటోమేటిక్ 17.65. అదే 3ఎక్స్ఓ మాన్యువల్ 20.6, ఏఎంటీ 21.2. అంటే ఒకచోట ఆటోమేటిక్ తీసుకుంటే మూడు కిలోమీటర్లు పోతుంది, ఇంకోచోట అరకిలోమీటరు పెరుగుతుంది. పైగా టార్క్ కన్వర్టర్ ధర కూడా ఎక్కువ, తరచూ పై వేరియంట్లకే ఇస్తారు. డీజిల్ మైలేజీ కోసం వచ్చి టార్క్ కన్వర్టర్ కొంటే పైన వేసిన 50 వేల కిలోమీటర్ల లెక్క ఇంకా దూరం జరుగుతుంది. సుఖం కోసం కొంటే మాత్రం ఖర్చు పెట్టినదానికి న్యాయం జరిగేది అక్కడే.

మా సలహా ఇది. ఊళ్లో రోజుకు గంటకు మించి సిగ్నళ్లు, నడిపేది ఒక్కరే, బడ్జెట్ ఉంది: సోనెట్ లేదా వెన్యూ టార్క్ కన్వర్టర్. నెలకు 2,000 కిలోమీటర్లు హైవేలో తిరగాలి, బలం కావాలి: 3ఎక్స్ఓ మాన్యువల్. ఊరికి వెళ్లే దారి పాడైపోయింది, ఇంటిల్లిపాదీ ఎక్కుతారు: నెక్సాన్ మాన్యువల్. ఏఎంటీ వద్దని మేము అనం. కానీ ఘాట్ రోడ్లు ఎక్కువగా ఉన్నవాళ్లకు, అరకు వైపు తిరిగేవాళ్లకు అది మొదటి ఎంపిక కాదు. మలుపులో కాలు ఎత్తగానే పై గేర్ వేస్తుంది, మళ్లీ నొక్కగానే కింది గేర్ వెతుక్కుంటుంది. అలాంటి దారిలో లీవర్‌ను మాన్యువల్ మోడ్‌లోకి లాగి రెండు, మూడు గేర్ల మధ్యే ఉంచాలి. దిగేటప్పుడైతే ఇది తప్పనిసరి, లేకపోతే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. ఏటవాలులో బ్రేక్ నొక్కకుండా యాక్సిలరేటర్‌తోనే బండిని నిలబెట్టి ఉంచడం ఏఎంటీ క్లచ్‌ను కాల్చేసే దగ్గరి దారి.

టెస్ట్ డ్రైవ్ ఎలా చేయాలో తెలియక షోరూమ్ చుట్టూ ఒక రౌండు కొట్టి బుక్ చేసేవాళ్లే ఎక్కువ. ఉదయం మొదటి స్లాట్ అడగండి, ఇంజిన్ చల్లగా ఉండగా స్టార్ట్ చేయించండి. బానెట్ మూసి, అద్దాలు దించి శబ్దం వినండి, తర్వాత అద్దాలు ఎత్తి వినండి. ఏసీ పూర్తిగా పెట్టి, నలుగురు కూర్చుని ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు సగంలో ఆపి మళ్లీ కదిలించండి. రెండో గేర్‌లో 20 దగ్గర కాలు నొక్కి టర్బో అందుకోవడానికి ఎంత సేపు పడుతుందో చూడండి. మూడో గేర్‌లో 30 నుంచి 80 దాకా ఒకసారి లాగండి. ఖాళీ రోడ్డు మీద 60 నుంచి గట్టిగా బ్రేక్ వేసి బండి ఏ పక్కకు లాగుతుందో చూడండి. డీజిల్ ఇంజిన్ పెట్రోల్ కన్నా బరువు, ఆ బరువంతా ముక్కు మీదే. అదే మోడల్ పెట్రోల్ బండి నడిపి నచ్చిందని డీజిల్ బుక్ చేయొద్దు. స్టీరింగ్ బరువు, ముందు సస్పెన్షన్ తీరు, మలుపులో ముక్కు తిరిగే తీరు రెండింటిలో ఒకటి కాదు. మీరు కొనే గేర్‌బాక్స్‌తో ఉన్న బండే నడపాలి, లేదంటే మరో రోజు రండి.

వేరియంట్ల సంగతి. ఎంట్రీ వేరియంట్ అంటే తక్కువ రకం అని కాదు. పై అయిదింటిలో కింది వేరియంట్‌కు కూడా 6 ఎయిర్‌బ్యాగులు వస్తున్నాయి, ఇంజిన్ అదే. తేడా చాలావరకు స్క్రీన్‌లో, సన్‌రూఫ్‌లో, చక్రాల్లో. చక్రాల విషయంలో కింది వేరియంటే ఒక రకంగా మేలు. సోనెట్ కింది వేరియంట్లలో 195/65 ఆర్15 టైర్లు, పైవాటికి 215/60 ఆర్16. చిన్న చక్రానికి టైరు ధర తక్కువ, ఇనుప చక్రం వంగితే కొట్టి సరిచేయొచ్చు. అల్లాయ్ పగిలితే మార్చడమే. వర్షంలో హైవేలో గట్టిగా మలుపు తిప్పితే పట్టు కొంచెం తక్కువ, అంతే. కానీ డ్రైవర్ సీటు ఎత్తు సర్దుబాటు, వెనక అద్దం డీఫాగర్, వెనక వైపర్ లేని వేరియంట్ తీసుకోకండి. ఇవి తర్వాత బయట పెట్టించుకోవడం తలనొప్పి. స్పీకర్లు, కెమెరా, సీటు కవర్లు బయట దొరుకుతాయి. అయితే వైర్లు కోసి బిగించే వాటితో వారంటీకి చిక్కు వస్తుంది, కప్లర్‌తో పెట్టేవే అడగండి.

కొన్నాక ఏది చెడుతుంది, ఎందుకు చెడుతుంది అన్నది తెలిస్తే సగం ఖర్చు తప్పుతుంది.

రీజెనరేషన్ జరుగుతోందని గుర్తుపట్టడం నేర్చుకోండి. చాలా బండ్లలో దీనికి లైటు వెలగదు. ఆగి ఉన్నప్పుడు ఆర్‌పీఎం మామూలు కన్నా వంద, రెండొందలు ఎక్కువ ఉంటుంది, స్క్రీన్ మీద అప్పటికప్పటి మైలేజీ ఒక్కసారిగా పడిపోతుంది, దిగితే కాలిన వాసన, రేడియేటర్ ఫ్యాన్ జోరుగా తిరుగుతుంటుంది. అప్పుడు ఇంటి ముందుకు వచ్చేశారా, ఇంకో పది నిమిషాలు తిప్పి రండి. డీపీఎఫ్ లైటు వెలిగిందంటే పని పెండింగులో ఉందని. హైవే ఎక్కి నాలుగో గేర్‌లో 2,000–2,500 ఆర్‌పీఎం మధ్య పావుగంట, ఇరవై నిమిషాలు ఆపకుండా నడపండి. చాలాసార్లు ఆరిపోతుంది. దానితోపాటు ఇంజిన్ లైటు కూడా వచ్చి పికప్ పడిపోతే ఇక నడిపి లాభం లేదు, సర్వీస్ సెంటర్‌లో కంప్యూటర్ పెట్టి కాల్పించాలి. ఎండు గడ్డి మీద, చెత్త మీద ఆ సమయంలో బండి ఆపకండి, కింద పొయ్యి ఉన్నట్టే.

ఇంజిన్ ఆయిల్ డీపీఎఫ్‌కు తగినది, అంటే కాలితే బూడిద తక్కువ వచ్చే రకం, బండితో ఇచ్చే ఓనర్ మాన్యువల్ పుస్తకంలో రాసిన గ్రేడే పోయించండి. మసిని కాల్చొచ్చు కానీ బూడిదను కాల్చలేం, అది ఫిల్టర్‌లో శాశ్వతంగా ఉండిపోతుంది. బయట మెకానిక్ దగ్గర చవగ్గా దొరికిందని పాత డీజిళ్ల ఆయిల్ పోయించడం ఇక్కడే ఖరీదవుతుంది.

డీజిల్ పోసే మూత పక్కన నీలం మూత ఉంటే ఆ బండికి డెఫ్ ద్రవం, అంటే పొగను శుభ్రం చేసే యూరియా ద్రవం, కావాలి. వెయ్యి కిలోమీటర్లకు లీటరు అటూ ఇటూగా పడుతుంది, ఖర్చు పెద్దది కాదు. అయిపోతే మాత్రం ఒకసారి ఇంజిన్ ఆపాక మళ్లీ స్టార్ట్ కాదు, కాబట్టి హెచ్చరిక రాగానే పోయండి. నీళ్లు కలిపి సాగదీయాలని చూస్తే సెన్సర్ పట్టేస్తుంది.

ఘాట్ ఎక్కి రాగానే, హైవేలో గంట తోలి ధాబా ముందు ఆగగానే తాళం తిప్పేయకండి. టర్బో అప్పటికి ఎర్రగా కాగి ఉంటుంది. నిమిషం పాటు ఊరకే తిరగనిస్తే ఆయిల్ దాన్ని చల్లబరుస్తుంది. డీజిల్ ఫిల్టర్ మార్పు వాయిదా వేయకండి. ఈ ఇంజిన్లలో డీజిల్ చల్లే ఇంజెక్టర్ల రంధ్రాలు చాలా సన్నం, చుక్క నీరు చాలు పాడు చేయడానికి. డ్యాష్‌బోర్డు మీద ఫిల్టర్‌లో నీరు చేరిందన్న లైటు వస్తే ఆ రోజే చూపించాలి.

బంకు దగ్గర బండి దిగి నిలబడండి. డీజిల్ గన్ సాధారణంగా లావు, పెట్రోల్ బండి మూతిలో పట్టదు. పెట్రోల్ గన్ సన్నం, మీ డీజిల్ బండి మూతిలోకి హాయిగా దూరిపోతుంది. ఈ వైపు నుంచి పొరపాటు సులువుగా జరుగుతుంది. పెట్రోల్ పడిందని తెలిస్తే ఇంజిన్ కాదు, కనీసం ఇగ్నిషన్ కూడా ఆన్ చేయొద్దు. ఆన్ చేయగానే పంపు ఆ పెట్రోల్‌ను లైన్లలోకి తోసేస్తుంది, డీజిల్ ఇచ్చే జిడ్డు లేక హైప్రెషర్ పంపు అరిగి ఇనుప రజను ఇంజెక్టర్ల దాకా వెళ్తుంది. న్యూట్రల్‌లో పక్కకు తోయించి, ట్యాంకు ఖాళీ చేయించి, ఫిల్టర్ మార్పించాకే తాళం తిప్పాలి. అక్కడితో ఆగితే కొన్ని వేలతో బయటపడతారు.